రెండు నెలలకే తమ్ముడు టీబీ మాత్రలు మానేశాడు, ఎలా ఒప్పించాలి?

నగరి_అక్క | జూన్ 8, ఉదయం 6:40

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ఒక ప్రైవేటు స్కూల్లో పని చేస్తాను. మా పుట్టిల్లు నగరి. నాన్న పోయాక ఇల్లు నడిపేది తమ్ముడే. మరమగ్గాల షెడ్డులో పని. వయసు 29. ఎనిమిది నెలల పాప ఉంది.

సంక్రాంతి నుంచి వాడికి దగ్గు. షెడ్డులో దుమ్ముకు అందరూ దగ్గుతారు కదా అని పట్టించుకోలేదు. ఆర్‌ఎంపీ దగ్గర రెండుసార్లు సూది వేయించుకున్నాడు, మందుల షాపులో మూడుసార్లు యాంటీబయాటిక్ మాత్రలు తెచ్చుకున్నాడు. కాస్త తగ్గేది, మళ్లీ మొదలయ్యేది. సాయంత్రం ఒళ్లు వెచ్చబడేది, రాత్రి చెమటకు చొక్కా తడిసిపోయేది. ఉగాదికి వెళ్లి చూసి నేను గుర్తుపట్టలేకపోయాను. 52 కిలోల మనిషి 43కి వచ్చాడు. బలవంతంగా తిరుపతికి తీసుకొచ్చి కఫం పరీక్ష చేయిస్తే టీబీ అని తేలింది. ఏప్రిల్ 3న మందులు మొదలుపెట్టారు. ఆరు నెలలు వాడాలన్నారు.

నెల తిరిగేసరికి దగ్గు పోయింది, ఆకలి పుట్టింది. మే నెల చివర్లో మళ్లీ పనిలోకి వెళ్లాడు. నిన్న మరదలు ఫోన్ చేసి ఏడ్చింది. మే 31 నుంచి మాత్రలే ముట్టుకోవడం లేదట. నేను అడిగితే, "నాకు బాగైపోయింది అక్కా. ఆ మాత్రలు వేసుకుంటే మధ్యాహ్నం దాకా కడుపులో తిప్పుతుంది. మగ్గం దగ్గర నిలబడలేను. మీటరు లెక్కన కూలి. నిలబడకపోతే డబ్బు ఎవరిస్తారు?" అన్నాడు.

ఇంకో బాధ కూడా ఉంది వాడికి. ఏప్రిల్‌లో పాపకు అన్నప్రాసన పెట్టుకుంటే వీధిలో వాళ్లు ఒక్కరూ రాలేదు. అప్పటి నుంచి మాత్రల కవరు ఇంట్లో కనపడితేనే కోపం వస్తోంది.

వాడిని ఎలా ఒప్పించాలి? పాపకు వస్తుందా? నిద్ర పట్టడం లేదు.

పాత_స్టాఫ్‌నర్సు | జూన్ 8, ఉదయం 8:15

అమ్మా, తొమ్మిది రోజులే అయింది. చెయ్యి దాటిపోలేదు. ముందు ఆ ధైర్యం తెచ్చుకో. నేను తిరుపతి ఆసుపత్రుల్లో 31 ఏళ్లు పని చేసి రిటైర్ అయ్యాను. అందులో ఎక్కువ కాలం ఛాతీ వార్డులోనే.

మీ తమ్ముడికి ఎందుకు బాగున్నట్టు అనిపిస్తోందో చెప్తాను. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిపి ఇస్తారు. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్. చురుగ్గా పెరుగుతున్న క్రిములు వీటి దెబ్బకు వారాల్లోనే చాలావరకు చచ్చిపోతాయి. అందుకే దగ్గు, జ్వరం తగ్గుతాయి, ఆకలి వేస్తుంది. కానీ కొన్ని క్రిములు ఊపిరితిత్తుల్లో దాదాపు నిద్రపోతున్నట్టు పడి ఉంటాయి. నిద్రలో ఉన్నదాన్ని చంపడానికి ఎక్కువ రోజులు పడుతుంది. మిగతా నాలుగు నెలల మూడు మందులు వాటి కోసమే. ఇప్పుడు ఆపితే మిగిలేవి ఆ మొండివే. అవే మళ్లీ పెరుగుతాయి.

మానేసిన మాత్రలన్నీ ఒక్కసారి వేసుకోమని మాత్రం చెప్పొద్దు. మందులు ఇచ్చిన చోటికే వెళ్లి ఫలానా రోజు నుంచి ఆపానని ఉన్నదున్నట్టు చెప్పమను. అక్కడ తిట్టినా పడమను. రెండో నెల చివర కఫం మళ్లీ పరీక్ష చేయాలి, అది జరిగిందో లేదో అడుగు.

కడుపులో తిప్పడం గురించి కూడా అక్కడే చెప్పాలి. చాలామందికి మాత్రలు వేసుకునే వేళ మారిస్తే, కొంచెం టిఫిన్ తిన్నాక వేసుకోనిస్తే సరిపోతుంది. దానికీ మందు ఉంది. కానీ కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చూపు మసకబారినా, రంగులు తేడాగా కనిపించినా ఆ రోజే డాక్టర్ దగ్గరికి పోవాలి. అప్పుడు ఆగకూడదు. మూత్రం నారింజ రంగులో వస్తే మాత్రం భయం లేదు, అది రిఫాంపిసిన్ రంగు. రక్తం పోతోందనుకుని మాత్రలు పారేసినవాళ్లను నేను చూశాను, మొదటి రోజే ఆ ఒక్క మాట ఎవరైనా చెప్పి ఉంటే పారేసేవాళ్లు కాదు.

పాప సంగతి సాయంత్రం రాస్తాను. అది వేరే పెద్ద విషయం.

చిత్తూరు_బజారు | జూన్ 8, ఉదయం 9:02

అక్కా, ముందు కంచం, గ్లాసు, దుప్పటి వేరు చేయించండి. మా ఇంట్లో పెద్దలు అదే చేసేవాళ్లు. పాపను కూడా ఆరు నెలలు అమ్మమ్మగారింటికి పంపించేస్తే మంచిది.

పాత_స్టాఫ్‌నర్సు | జూన్ 8, ఉదయం 9:30

బాబూ, నువ్వు మంచికే చెప్పావు, కానీ ఇది పొరపాటు. టీబీ కంచం వల్ల రాదు. గ్లాసు వల్ల, బట్టల వల్ల, చెయ్యి కలపడం వల్ల కూడా రాదు. ఊపిరితిత్తుల్లో టీబీ ఉన్న మనిషి దగ్గినప్పుడు, మాట్లాడినప్పుడు గాలిలోకి వచ్చే తుంపరల వల్ల వస్తుంది. మూసి ఉన్న గదిలో ఆ గాలి గంటల తరబడి నిలిచి ఉంటుంది. కిటికీ తెరిస్తే అంత మేలు, కంచం వేరు చేస్తే ఏమీ లేదు. కంచం వేరు చేసిన ఇంట్లో ఆ మనిషి అన్నం తినడం తగ్గిస్తాడు, అది మాత్రం ఖాయం.

సరైన మందు పడిన కొన్ని వారాలకే ఇతరులకు అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. కాబట్టి వాడు మాత్రలు వేసుకోవడమే పాపకు మొదటి రక్షణ. మెడ దగ్గర గడ్డల రూపంలో వచ్చే టీబీ, ఎముకల టీబీ అయితే మామూలుగా ఒకరి నుంచి ఒకరికి అంటుకోవు కూడా.

రెండోసారి | జూన్ 8, మధ్యాహ్నం 1:20

ఈ థ్రెడ్ చదివి చేతులు వణికాయి. మీ తమ్ముడు చెప్పిన మాటలే నేను 2013లో మా అమ్మతో చెప్పాను. అప్పుడు నేను శ్రీకాళహస్తి దగ్గర లారీ క్లీనర్‌ని. మూడు నెలలు వేసుకుని ఆపాను. లోడు మీద వెళితే వారం పది రోజులు ఇంటికి రాను, మాత్రలు ఎక్కడ తెచ్చుకుంటాను అనుకున్నాను. ఒళ్లు కూడా బాగుంది.

తొమ్మిది నెలలకు రక్తం కక్కుకున్నాను. ఈసారి పరీక్షలో రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్ రెండూ పని చేయవని వచ్చింది. మొండి టీబీ అంటారు. రెండేళ్లు వాడాను. మొదట్లో నెలల తరబడి రోజూ కనామైసిన్ సూది. పిరుదుల మీద కూర్చోలేకపోయేవాణ్ని. నాలుగో నెలలో చెవుల్లో గుయ్ మని శబ్దం మొదలైంది. ఇప్పుడు ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి సగం. క్లీనర్ పని పోయింది, ఎందుకంటే వెనక నుంచి హారన్ వినపడదు.

ఆ సూదుల వల్ల వినికిడి పోయినవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. ముంబైలో నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికాలో ఫుమేజా టిసిలే అనే ఇద్దరు ఆడపిల్లలకు అలాగే పోయింది. వాళ్లిద్దరూ ఊరుకోలేదు. మొండి టీబీకి ఆ సూదుల బదులు వాడే బెడాక్విలిన్ అనే కొత్త మాత్ర మీద కంపెనీ పేటెంటును ఇంకొన్నేళ్లు పొడిగించుకోబోతే మన దేశంలో అభ్యంతరం వేశారు. 2023 మార్చిలో పేటెంటు ఆఫీసు వాళ్ల వైపే తీర్పు ఇచ్చింది. ఆ వార్త ఫోన్లో చదివి నేను ఏడ్చాను. నాకు చెవి తిరిగి రాదు, కానీ నా తర్వాతివాడికి సూది పడదు.

ఇప్పుడు మొండి టీబీకి కూడా సూదులు లేకుండా, చాలామందికి ఆరు నెలల మాత్రలతోనే వైద్యం వచ్చింది. అయినా దాని దాకా పోనివ్వకండి. మీ తమ్ముడితో మాట్లాడతాను, ఒప్పుకుంటే నా నంబరు మెసేజ్‌లో ఇస్తాను. ఫోన్‌లో గట్టిగా మాట్లాడమని మాత్రం చెప్పండి.

మాడరేటర్ | జూన్ 8, మధ్యాహ్నం 2:00

ఒక్క విన్నపం. మందుల మోతాదులు ఇక్కడ రాయొద్దు. బరువును బట్టి మాత్రల సంఖ్య మారుతుంది, ఒకరిది చూసి ఇంకొకరు వేసుకునే ప్రమాదం ఉంది. ఫోన్ నంబర్లు బయట పెట్టొద్దు.

ఆరోగ్యవరం_దారి | జూన్ 8, సాయంత్రం 5:45

మాది మదనపల్లె. మా ఊరి పక్కనే ఆరోగ్యవరం ఉంది, టీబీ శానిటోరియంగా మొదలై వందేళ్లు దాటింది. డెన్మార్క్ నుంచి వచ్చిన ఫ్రిమోడ్ మోలర్ అనే డాక్టరు దాన్ని నిలబెట్టాడు. మా అవ్వ 1940ల చివర్లో అక్కడ 14 నెలలు ఉంది. అప్పటికి మందులు మన దాకా రాలేదు. పొడి గాలి, మంచం మీద విశ్రాంతి, పాలు, గుడ్లు, ఇదే వైద్యం. కొందరికి ఛాతీలోకి గాలి ఎక్కించి ఆ ఊపిరితిత్తిని కొన్నాళ్లు కదలకుండా ముడుచుకునేలా చేసేవాళ్లు. అవ్వకూ అది చేశారు. ఆ సూది మచ్చ నేను చిన్నప్పుడు చూశాను.

మా తాత ఆ 14 నెలల కోసం రెండెకరాల చేను అమ్మాడు. అవ్వ బతికి ఇంటికి వచ్చింది కానీ ఆమె చేతి నీళ్లు చుట్టాలు తాగేవాళ్లు కాదట. 1948లో మన దేశంలో బీసీజీ టీకా మొదలుపెట్టింది కూడా మదనపల్లెలోనే. ఇప్పుడు ప్రతి పసిబిడ్డ చేతి మీద కనిపించే ఆ మచ్చ అలా మొదలైంది. ఇంత చరిత్ర మన గడప ముందే ఉంది, అయినా అన్నప్రాసనకు ఒక్కరూ రాలేదంటే నాకు చాలా సిగ్గుగా ఉంది.

ఇంకొకటి చెప్పాలి. 1956లో మద్రాసులో ఒక పరీక్ష చేశారు. 193 మంది పేద రోగుల్లో సగం మందిని శానిటోరియంలో పెట్టారు, సగం మందికి ఇరుకు ఇళ్లలోనే ఉంచి మందులిచ్చారు. శానిటోరియంలో వాళ్లకు మంచి తిండి, విశ్రాంతి. ఇళ్లలో వాళ్లకు అవి లేవు. ఏడాది తర్వాత చూస్తే ఇద్దరికీ దాదాపు ఒకే ఫలితం. ఇంట్లో ఉన్న రోగి వల్ల పిల్లలకు ఎక్కువగా అంటుకున్నదీ లేదు. ఆ తర్వాతే ప్రపంచమంతా శానిటోరియాలు వదిలి ఇంటి వైద్యానికి మళ్లింది. ఇంట్లో పెట్టుకుని నయం చేసుకోవచ్చని నిరూపించింది మన పక్క ఊరి పేదవాళ్లే.

పాత_స్టాఫ్‌నర్సు | జూన్ 8, రాత్రి 7:30

ఇక పాప సంగతి. అమ్మా, ఇది వాయిదా వేయొద్దు.

ఇంట్లో ఊపిరితిత్తుల టీబీ ఉన్నప్పుడు ఐదేళ్ల లోపు పిల్లలకు ప్రమాదం ఎక్కువ. పసిపిల్లల్లో అది మెదడు పొరలకు పాకగలదు. బీసీజీ వేయించి ఉంటే ఆ భయంకరమైన రకాల నుంచి చాలావరకు కాపాడుతుంది కానీ పూర్తిగా కాదు. అందుకే పాపను డాక్టరుకు చూపించాలి. దగ్గు, జ్వరం ఉన్నాయా, బరువు సరిగ్గా పెరుగుతోందా చూస్తారు. జబ్బు లేదని తేలాకే, రాకుండా ఆపే మందు ఇస్తారు. ఈ వరస ముఖ్యం. జబ్బు ఉండగా ఆ ఒక్క మందే ఇస్తే క్రిమి మొండికెక్కుతుంది.

మరదలికీ, మీ అమ్మగారికీ కూడా పరీక్ష చేయాలి. ఇంట్లో కలిసి ఉండే పెద్దలకు కూడా ఈ ముందుజాగ్రత్త మందు ఇవ్వాలని 2021 నుంచి మన దేశపు మార్గదర్శకాల్లో ఉంది. అడిగి తీసుకోవాలి. అమ్మగారికి షుగర్ ఉందా? షుగర్ ఉన్నవాళ్లకు టీబీ వచ్చే అవకాశం రెండు మూడు రెట్లు ఎక్కువ. మరదలు పాలివ్వడం మానొద్దు. తల్లిపాల వల్ల టీబీ రాదు.

నగరి_అక్క | జూన్ 8, రాత్రి 9:10

అమ్మకు షుగర్ ఉంది మేడమ్, ఆరేళ్లుగా. ఇంట్లో వాళ్లను పరీక్ష చేయించాలని మాకు చెప్పారేమో, ఆ రోజు టెన్షన్‌లో నేనే వినలేదేమో తెలియదు. ముగ్గురినీ చూపిస్తాను. ఆరోగ్యవరం గురించి రాసినవారికి దండం.

దారెస్సలాం_నుంచి | జూన్ 9, ఉదయం 10:25

నేను పుత్తూరు వాణ్ని. పదకొండేళ్లుగా టాంజానియాలో మందుల డిస్ట్రిబ్యూషన్‌లో పని చేస్తున్నాను. ఇక్కడి గనుల ప్రాంతాల్లోనూ ఇదే కథ. పని మానితే కూలి లేదు, కాబట్టి మాత్ర మానేస్తారు. దానికి తోడు ఇక్కడ చాలామందికి హెచ్‌ఐవీ కూడా ఉంటుంది. ఒంట్లో నిరోధక శక్తి పడిపోయినవాళ్లలో టీబీ చాలా తొందరగా చంపేస్తుంది. కఫంలో క్రిములు తక్కువగా ఉంటాయి కాబట్టి మైక్రోస్కోప్‌కు దొరకదు.

మొరొగొరో అనే ఊర్లో శిక్షణ ఇచ్చిన పెద్ద ఎలుకలతో కఫం శాంపిళ్లు వాసన చూపిస్తారు. లాబ్‌లో లేదన్న శాంపిల్ దగ్గర ఎలుక ఆగితే దాన్ని మళ్లీ పరీక్షిస్తారు. వంద శాంపిళ్లు ఇరవై నిమిషాల్లో వాసన చూస్తుంది. నేను కళ్లారా చూశాను. అలా దొరికిన రోగులు చాలామంది ఉన్నారు.

2023లో ప్రపంచంలో కోటీ 8 లక్షల మందికి టీబీ వచ్చింది, పన్నెండున్నర లక్షల మంది చనిపోయారు. అందులో నాలుగో వంతుకు పైగా రోగులు మన దేశంలోనే. ఇంత మందిని చంపే జబ్బుకు రిఫాంపిసిన్ తర్వాత బెడాక్విలిన్ రావడానికి 40 ఏళ్లకు పైగా పట్టింది. ధనిక దేశాల్లో ఈ జబ్బు తగ్గిపోయింది, కొనగలిగే రోగులు లేరు, అందుకే పరిశోధన ఆగింది. నాకు ఇది తలచుకుంటే కడుపు మండుతుంది. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం ఆపేశాక ఆఫ్రికాలో ఎన్నో చోట్ల పరీక్షలు, మందుల రవాణా దెబ్బతిన్నాయి. మనకు మాత్రలు మన దేశంలోనే తయారవుతాయి, ఊరి దాకా ఉచితంగా వస్తున్నాయి. తమ్ముడికి ఆ విలువ చెప్పండక్కా.

ప్రశ్నలున్నాయి | జూన్ 9, మధ్యాహ్నం 12:10

ఉచితంగా ఇచ్చే మాత్రలు అంత బాగా పని చేయవని, ప్రైవేటులో కొంటే త్వరగా తగ్గుతుందని మా ఊర్లో అంటారు. నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నాను. అలాగే కొందరు కామెర్లకు పసరు మందు పోస్తారు కదా, టీబీకి కూడా ఏదో మూలిక ఇస్తున్నారు.

పాత_స్టాఫ్‌నర్సు | జూన్ 9, మధ్యాహ్నం 3:40

మందు అదే నాయనా. ప్రైవేటులోనూ ఆ నాలుగు మందులే, ఆ ఆరు నెలలే. డబ్బు పెడితే నాలుగు నెలలకు తగ్గే రకం ఏదీ ఆ షాపులో లేదు. పైగా కొనుక్కునేవాళ్లు డబ్బు అయిపోగానే ఆపేస్తారు. ప్రైవేటు డాక్టరు దగ్గరే చూపించుకోవాలంటే చూపించుకోవచ్చు. టీబీ రోగిని గుర్తిస్తే ప్రభుత్వానికి తెలపాలని 2012 నుంచి నిబంధన ఉంది. పేరు నమోదైతే అక్కడ చూపించుకుంటూనే ఉచిత మందులు తీసుకునే ఏర్పాటు ఉంది.

పసరు సంగతి గట్టిగానే చెప్తాను. టీబీ మాత్రల భారం కాలేయం మీద పడుతుంది. దాని మీద ఏముందో తెలియని పసరు పోస్తే ప్రాణం మీదికి వస్తుంది. సారా, బ్రాందీ కూడా అంతే. మాత్రలు వాడుతూ కళ్లు పచ్చబడితే అది పసరుకు పోయే కామెర్లు కాదు, ఆసుపత్రికి పోవాల్సిన కామెర్లు.

నగరి అక్క మొదటి పోస్టులో ఒక మాట నా మనసులోంచి పోవడం లేదు. మందుల షాపులో మూడుసార్లు యాంటీబయాటిక్. లీవోఫ్లాక్సాసిన్ లాంటివి టీబీ క్రిమిని కొంచెం అణచిపెడతాయి. దగ్గు తగ్గినట్టుంటుంది, కఫం పరీక్షలో దొరకదు, నెలలు గడిచిపోతాయి. ఆ నెలల్లో ఇంట్లో వాళ్లందరూ అదే గాలి పీలుస్తారు. రెండు వారాలు దాటిన దగ్గుకు షాపులో మాత్ర కాదు, డబ్బాలో కఫం కావాలి. ఇప్పుడు ట్రూనాట్, సీబీనాట్ అనే యంత్రాలతో గంటా రెండు గంటల్లో క్రిమి ఉందో లేదో, రిఫాంపిసిన్‌కు లొంగుతుందో లేదో రెండూ తెలుస్తున్నాయి.

క్వారీ_కొడుకు | జూన్ 9, రాత్రి 8:55

మాది కుప్పం వైపు. మా నాన్న 18 ఏళ్లు గ్రానైట్ పాలిష్ పట్టాడు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని సిలికోసిస్ వచ్చింది. సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ సులభంగా పడుతుందని ఆయనకు టీబీ వచ్చాక గానీ మాకు తెలియలేదు. టీబీ నయమైంది. కానీ రాయి అయిన ఊపిరితిత్తులు బాగవలేదు. పోయిన కార్తీకంలో పోయాడు.

అక్కా, మీ తమ్ముడు షెడ్డులో కిటికీలు మూసి పెడతారా? మగ్గాల శబ్దం బయటికి రాకుండా, దారం తెగకుండా మూస్తారని విన్నాను. మందులు వేసుకున్నా పని చేసే గాలి అదే అయితే పక్కనున్నవాళ్ల సంగతేమిటి? షెడ్డులో అందరికీ ఒకసారి కఫం పరీక్ష చేయిస్తే బాగుంటుంది. మా నాన్నతో పని చేసిన పదకొండు మందిలో నలుగురికి దొరికింది. ఎవరూ ముందు చూడలేదు, దగ్గు అంటే దుమ్ము అనుకున్నారు.

నగరి_అక్క | జూన్ 9, రాత్రి 10:05

అవునన్నా, కిటికీలు మూసే ఉంటాయి. నాన్నగారి గురించి చదివి మాట రాలేదు.

పలమనేరు_ఆశా | జూన్ 10, ఉదయం 5:50

నేను ఆశా వర్కర్‌ని. టీబీ వాళ్ల ఇళ్లకు తిరగడం నా పనిలో ఒక భాగం. మాత్ర మానేసిన ప్రతి ఇంట్లో నేను మొదట అడిగేది "ఎందుకు వేసుకోలేదు" అని కాదు, "నిన్న ఏం తిన్నావు" అని. సగం మంది మాత్ర వల్ల కాదు, ఖాళీ కడుపు వల్ల మానేస్తారు. ఉదయం టీ తాగి మాత్రలు వేసుకుని షిఫ్టుకు పోతే ఎవరికైనా తిప్పుతుంది.

టీబీ రోగికి తిండి కోసం నెలకు 500 చొప్పున 2018 నుంచి ఇస్తున్నారు. 2024 నవంబరు నుంచి అది వెయ్యి అయింది. 3,000 చొప్పున రెండు విడతల్లో బ్యాంకు ఖాతాలో పడుతుంది. అక్కా, తమ్ముడి ఖాతాలో పడిందో లేదో చూడండి. చాలామందికి ఆధార్ లింకు లేక ఆగిపోతుంది. మా దగ్గర ఒక పెద్దాయనకు మందుల కోర్సు అయిపోయాక పడ్డాయి. ఆయన వాటితో ఏం తింటాడు అప్పుడు?

తిండి గురించి జార్ఖండ్‌లో పెద్ద పరిశోధన చేశారు, 2023లో వచ్చింది. రోగి ఇంట్లో వాళ్లకు మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు ఇస్తే, ఆ ఇళ్లలో కొత్తగా టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. రోగులు మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగితే చావులు 60 శాతం దాకా తక్కువ. ట్రైనింగులో ఇది చెప్పినప్పుడు మేమంతా ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. మాకు తెలిసిందే, కానీ ఎవరో లెక్కగట్టి చెప్పారు.

ఖరీదైన ప్రొటీన్ పొడి డబ్బాలు కొనొద్దు. రాగి సంగటి, పప్పు, ఉలవ గుగ్గిళ్లు, చెనక్కాయలు, బెల్లం, రోజుకు ఒకటో రెండో కోడిగుడ్లు. చెనక్కాయ ఉంటలు జేబులో వేసుకుని పోతే షెడ్డులోనే తినొచ్చు. మరదలిని అడిగి చూడండి, ఆ అమ్మాయి తన కంచంలోది వాడికి పెట్టి తాను తక్కువ తింటూ ఉంటుంది. పాలిచ్చే తల్లి. ఆమె బరువు కూడా చూపించండి.

రెండోసారి | జూన్ 10, రాత్రి 9:30

నగరి అక్క తమ్ముడితో ఇప్పుడే గంటసేపు మాట్లాడాను. మంచి పిల్లోడు. నేను మందుల గురించి ఒక్క మాట చెప్పలేదు. నా కథ చెప్పాను. చివర్లో వాడే అడిగాడు, "అన్నా, నువ్వు మానేసిన రోజు నీకు కూడా ఇట్లాగే బాగుండిందా?" అని. ఇంతకన్నా బాగుండింది అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు.

నగరి_అక్క | జూన్ 11, రాత్రి 8:40

ఈరోజు సెలవు పెట్టి నగరి వెళ్లాను. తమ్ముణ్ని, మరదల్ని, పాపని, అమ్మని తీసుకుని మందులిచ్చే చోటికి వెళ్లాం. తిడతారని భయపడ్డాను. అక్కడున్న అమ్మాయి కార్డు చూసి, "పదకొండు రోజులేనా, పర్లేదు, వచ్చారు కదా" అంది. ఆ ఒక్క మాటకు తమ్ముడి భుజాలు దిగాయి.

డాక్టరు చూసి మళ్లీ కఫం తీశారు. ఈరోజు నుంచే మాత్రలు మొదలు, మానేసిన రోజులు చివర కలుపుతారు. తిప్పడానికి మాత్ర రాసిచ్చారు, రాత్రి భోజనం అయ్యాక పడుకునే ముందు వేసుకోమన్నారు. మా వాడికి షిఫ్టు పగలు కాబట్టి ఇది సరిపోతుంది. బరువు 46. ఖాతాలో ఒక్క రూపాయి పడలేదు. ఆశా అక్క చెప్పినట్టే ఆధార్ లింకు లేదు. సచివాలయంలో ఇచ్చి వచ్చాను.

పాత_స్టాఫ్‌నర్సు | జూన్ 11, రాత్రి 9:15

చాలా సంతోషం తల్లీ. మరదలు గర్భం రాకుండా మాత్రలు వాడుతోందా? తనకు ఇచ్చే ముందుజాగ్రత్త మందు ఏదో కనుక్కో. రిఫాంపిసిన్ రకం మందులైతే ఆ మాత్రలు సరిగా పని చేయవు. సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పమను. దీన్ని చాలామంది అడగరు.

నగరి_అక్క | జూలై 20, సాయంత్రం 6:20

ఇన్ని రోజులు రాయనందుకు క్షమించండి. కఫంలో క్రిములు లేవని వచ్చింది. బరువు 49. పాపకు, మరదలికి జబ్బు లేదు, ఇద్దరికీ ముందుజాగ్రత్త మందు నడుస్తోంది. అమ్మకు ఎక్స్‌రేలో చిన్న మచ్చ కనిపించింది. కఫం పరీక్ష చేస్తే టీబీ అనే తేలింది. దగ్గు కూడా లేదు ఆమెకు. జూన్ 19 నుంచి మాత్రలు వేసుకుంటోంది, షుగర్ మందు కూడా మార్చారు. ఈ థ్రెడ్‌లో మేడమ్ ఆ ప్రశ్న అడగకపోతే అమ్మను మేం తీసుకెళ్లేవాళ్లం కాదు.

తల్లీకొడుకులు రాత్రి భోజనం అయ్యాక ఎదురెదురుగా కూర్చుని మాత్రలు వేసుకుంటున్నారు. ఒకరు మర్చిపోతే ఇంకొకరు గుర్తు చేస్తారు. ఖాతాలో 3,000 పడ్డాయి. మరదలు వాటిలో సగం పెట్టి నాలుగు కోడిపెట్టలు కొనింది.

క్వారీ అన్న చెప్పిన మాట తమ్ముడికి చదివి వినిపించాను. షెడ్డు యజమానిని అడిగితే మొదట ఒప్పుకోలేదు, పని ఆగుతుందన్నాడు. తమ్ముడు తన పేరు చెప్పుకున్నాడు, నాకే వచ్చింది, మీ గాలే పీల్చాను అన్నాడు. అందరి ముందు అలా చెప్పడం వాడికి ఎంత కష్టమో నాకు తెలుసు. పోయిన మంగళవారం ఆరోగ్య సిబ్బంది వచ్చి 23 మంది దగ్గర కఫం డబ్బాలు తీసుకెళ్లారు. ఇద్దరికి ఉందట. ఒకడికి 19 ఏళ్లు. వాడి వాళ్లు తమిళనాడు వైపు ఊర్లో ఉన్నారు, ఇక్కడ ఒక్కడే గదిలో ఉంటాడు. రోజూ రాత్రి అన్నానికి మా ఇంటికే రమ్మన్నాడు తమ్ముడు.

తమ్ముడికి ఇంకా 70 రోజుల మాత్రలున్నాయి. ఆశా అక్కా, ఒక్క సందేహం. ఆ పిల్లాడికి ఇక్కడ రేషన్ కార్డు లేదు, బ్యాంకు ఖాతా వాళ్ల ఊర్లో ఉంది. తిండి డబ్బు ఇక్కడి నుంచి రాయించుకోవచ్చా?

పలమనేరు_ఆశా | జూలై 20, రాత్రి 7:05

రాయించుకోవచ్చు అక్కా. ఖాతా ఏ ఊర్లో ఉన్నా ఫర్వాలేదు, వాడి పేరు మీద ఉండాలి, ఆధార్‌తో కలిసి ఉండాలి. రేషన్ కార్డుతో పని లేదు. పాస్‌బుక్ మొదటి పేజీ వాళ్ల ఊరి నుంచి ఫోటో తీయించి తెప్పించండి, మందులిచ్చే చోటే నమోదు చేస్తారు. రేపే చేయండి, ఆలస్యమైతే మొదటి విడత వెనక్కి పోతుంది.